పట్టా రాకముందే ప్రయాణం ఎందుకు?

విశ్వగురు పీఠం మీద కన్నువేసిన దేశంలో సైన్సు చదువుతున్న పిల్లలు డిగ్రీ పట్టా చేతికి రాకముందే విదేశీ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీకి దరఖాస్తులు పెడుతున్నారు. మరో రెండేళ్లు ఆగి ఇక్కడే ఎమ్మెస్సీ పూర్తిచేద్దామన్న ఓపిక కూడా వారికి లేదని పెద్దలు వాపోతున్నారు. వేదికలెక్కిన నాయకులకు ఇది మేధోవలస. కొందరు వ్యాఖ్యాతలకు ఇది కృతఘ్నత. ప్రజల పన్నులతో చదువుకుని పరదేశానికి ఊడిగం చేయబోతున్నారన్నది సామాజిక మాధ్యమాల్లో తరచు వినవచ్చే తీర్పు. ఇరవై ఒకటో ఏట ఉన్న విద్యార్థిని బోనులో నిలబెట్టడం తేలిక. అతణ్ని ఆ దారి పట్టించిన ప్రభుత్వాన్ని నిలదీయడం కష్టం. అందుకే మొదటి పనికి ఇంతమంది సిద్ధపడుతున్నారు, రెండో పనికి మనుషులు దొరకడం లేదు.

ముందుగా ఒక గందరగోళం తొలగాలి. తెలుగు ఇళ్లలో అమెరికా చదువు అంటే ఎమ్మెస్ అనే అర్థం స్థిరపడిపోయింది. పొలమో ఇంటిస్థలమో తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి, ఫీజు కట్టి చదివి, ఉద్యోగం సంపాదించి ఆ అప్పు తీర్చే చదువు అది. 2024-25 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3.6 లక్షలు దాటింది. వారిలో అత్యధికులు ఈ కోవకు చెందినవారే. సైన్సు పీహెచ్‌డీ లెక్క పూర్తిగా వేరు. అక్కడ ప్రవేశం లభించిన విద్యార్థి సాధారణంగా ఫీజు కట్టడు. విశ్వవిద్యాలయమే ఫీజు మాఫీ చేసి, తరగతిలో బోధనకో ప్రయోగశాలలో పరిశోధనకో ప్రతిఫలంగా నెలనెలా భృతి ఇస్తుంది. మాస్టర్స్ పట్టా ఉండి తీరాలన్న నియమం అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి లేదు. నాలుగేళ్ల డిగ్రీ చాలు. మొదటి ఒకటి రెండేళ్లు కోర్సులు, ఆపైన అర్హత పరీక్ష, మిగిలిన కాలం పరిశోధన. అంతా కలిపి ఐదారేళ్లు. మధ్యలో ఆగిపోవలసి వస్తే మాస్టర్స్ పట్టాతో బయటపడే వీలు చాలాచోట్ల ఉంది. జర్మనీ వంటి ఐరోపా దేశాల్లో సాధారణంగా మాస్టర్స్ పూర్తయితే తప్ప పీహెచ్‌డీలో చేర్చుకోరు. అందువల్ల డిగ్రీ నుంచి నేరుగా పరిశోధనకు వెళ్లే దారి ప్రధానంగా అమెరికా దారి.

ఈ దారి కొత్తదేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1930లో భౌతికశాస్త్రం బీఎస్సీ ఆనర్స్ ముగించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆ వేసవిలోనే కేంబ్రిడ్జికి ఓడ ఎక్కాడు. అప్పటికి అతని వయసు పందొమ్మిదేళ్లు. నక్షత్రాల అంతిమదశకు సంబంధించి నేటికీ అతని పేరుతో పిలిచే అవధికి పునాది వేసిన గణనలు ఆ ఓడ ప్రయాణంలోనే సాగాయి. 1933లో పీహెచ్‌డీ, 1983లో నోబెల్. అతని ప్రయాణ ఖర్చు భరించింది భారత ప్రభుత్వ ఉపకారవేతనం. ఆ ప్రభుత్వం నాడు తెల్లదొరలది. వెంకట్రామన్ రామకృష్ణన్ 1971లో బరోడాలో బీఎస్సీ ముగించి నేరుగా అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరాడు. భౌతికశాస్త్రంలో డాక్టరేటు వచ్చాక తన మనసు జీవశాస్త్రం మీద ఉందని గ్రహించి మళ్లీ విద్యార్థిగా మొదలుపెట్టాడు. 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఆ రోజున అతణ్ని భారతీయుడిగా చెప్పుకోవడానికి పోటీపడిన వారిలో మేధోవలస గురించి ఉపన్యసించిన వారూ ఉన్నారు. బహుమతి వచ్చినప్పుడు మన బిడ్డ, బయలుదేరినప్పుడు ద్రోహి అన్న ఈ రెండు నాల్కల ధోరణి దేశానికి గౌరవం కాదు.

రామకృష్ణన్ కథలో మరచిపోకూడని అంశం ఒకటుంది. బరోడాలో అతని చదువుకు ఆసరా అయినది జాతీయ సైన్సు ప్రతిభా ఉపకారవేతనం. మూలవిజ్ఞానశాస్త్రాలు చదివే పిల్లలను వెతికి పట్టుకోవడానికి 1960లలో మొదలైన ఆ పథకమే తరువాత జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షగా మారింది. ఆ పరీక్షను 2021 తరువాత నిలిపివేశారు. డిగ్రీలో సైన్సు చదివే వారికోసం 1999లో ఆరంభమైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను 2022లో రద్దు చేసి వేరే పథకంలో కలిపేశారు. విద్యార్థులు దేశం విడిచి పోతున్నారని విలపిస్తున్న ప్రభుత్వమే వారిని సైన్సు వైపు తిప్పిన పథకాలను ఒక్కొక్కటిగా మూసివేస్తూ వచ్చింది.

ఇక ఇక్కడే ఉండి పరిశోధన చేయదలచిన విద్యార్థికి ఎదురయ్యేదేమిటో చూడాలి. మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన నెట్ పరీక్ష, అందులో జేఆర్ఎఫ్ ర్యాంకు, ఆ తరువాత ఒక్కో సంస్థలో ఒక్కో ఇంటర్వ్యూ. ఇవన్నీ కలిసివస్తే ఇరవై నాలుగో ఏట పరిశోధన మొదలవుతుంది. కలిసిరాకపోతే ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఆ పరీక్షకైనా భరోసా ఉందా? 2024 జూన్ 18న దేశమంతటా లక్షల మంది యూజీసీ నెట్ రాశారు. మర్నాడే దానిని రద్దు చేశారు. ఆ వెంటనే సైన్సు విద్యార్థులు రాయవలసిన సీఎస్ఐఆర్ నెట్‌ను వాయిదా వేశారు. ఏడాది పాటు చదివిన పిల్లవాడికి పరీక్షకు నాలుగు రోజుల ముందు వచ్చిన కబురు అది. విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టిన అతని సహాధ్యాయికి డిసెంబరులో గడువు, ఫిబ్రవరి మార్చి నెలల్లో ఫలితం, ఏప్రిల్ 15లోగా తన నిర్ణయం చెప్పడం అనే క్యాలెండరు ముందే తెలుసు. ఏ దేశమైనా యువతకు ఇవ్వగలిగిన కనీస మర్యాద చెప్పిన తేదీకి చెప్పిన పని జరిపించడం. ఆ మర్యాద దొరికిన చోటికి యువత వెళుతుంది.

వేతనం సంగతి మరీ విడ్డూరం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను 31 వేల రూపాయల నుంచి 37 వేలకు పెంచడానికి 2023 దాకా పరిశోధక విద్యార్థులు వీధుల్లోకి రావలసి వచ్చింది. ఆ మొత్తమైనా నెలనెలా అందదు. మూడు నెలలకో ఆరు నెలలకో ఒకేసారి జమ కావడం, ఆ మధ్యకాలంలో ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడం పరిశోధక విద్యార్థుల నిత్యజీవితంలో భాగమైపోయింది. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని వారి మాటేమిటి? 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణాలు తీసుకున్న రోహిత్ వేముల తన ఆఖరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి గురించి రాశాడు. నక్షత్రాల గురించీ ప్రకృతి గురించీ రాయాలని కలగన్న ఒక దళిత యువకుడు చనిపోతూ కూడా చేయవలసి వచ్చిన లెక్క అది. ఆ తరువాతనైనా ఫెలోషిప్ ఆలస్యం కావడం నేరమని పార్లమెంటు చట్టం చేసి ఉండవలసింది. చేయలేదు. పైగా మైనారిటీ విద్యార్థుల పరిశోధనకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో ఎత్తివేశారు.

డబ్బు లేక ఇలా జరుగుతున్నదని ఎవరైనా అంటే దానికి జవాబు ప్రభుత్వమే 2018లో ఇచ్చింది. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పేరుతో ఐఐటీలు, ఐఐఎస్సీ వంటి సంస్థల్లో పరిశోధనకు చేరే ఎంపికైన విద్యార్థులకు నెలకు 70 వేల రూపాయలతో మొదలుపెట్టి 80 వేల వరకు ఇచ్చే పథకం అది. అందులో బీటెక్ ముగించిన వారు నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. అంటే డిగ్రీ నుంచి నేరుగా పరిశోధనకు రావడం మంచిదేనని, అందుకు గౌరవప్రదమైన భృతి అవసరమని ప్రభుత్వానికి తెలుసు. తెలిసీ ఆ గౌరవాన్ని కొద్దిమందికి పరిమితం చేసింది. ఒకే దేశం, ఒకే పని, ఒకే పట్టా. ఒకరికి 70 వేలు, మరొకరికి 37 వేలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ఉస్మానియాలోనో రసాయనశాస్త్ర ప్రయోగశాలలో కూర్చున్న విద్యార్థిది రెండో తరగతి పరిశోధన అని ప్రభుత్వం నోటితో అనలేదు. బ్యాంకు ఖాతాతో అంది.

2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు వచ్చిన వారు ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులని ప్రకటించింది. కాగితం మీద ఇది అమెరికా దారే. కానీ అక్కడి పద్ధతిలో తొలి రెండేళ్ల కోర్సులు, బోధన అనుభవం, ప్రయోగశాలలు మారి చూసుకునే అవకాశం, భృతి అన్నీ కలిసి ఒక ఏర్పాటు. ఇక్కడ అర్హత నియమం మాత్రం మార్చి, తక్కినవన్నీ విశ్వవిద్యాలయాల అదృష్టానికి వదిలేశారు. నాలుగో ఏడు పరిశోధనతో కూడిన ఆనర్స్ అన్నారు. ఆ పరిశోధన చేయించవలసిన అధ్యాపకులు ఎక్కడున్నారు? కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో బోధన ఖాళీలు వేలల్లో ఉన్నాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత పదేళ్లపాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు స్తంభించిపోయాయి. కాంట్రాక్టు అధ్యాపకుడికి తన జీతం ఎప్పుడు వస్తుందో తెలియదు, అతని దగ్గర పరిశోధన చేయవలసిన విద్యార్థికి రసాయనాలు ఎప్పుడు వస్తాయో తెలియదు. దీనికి జాతీయ విద్యావిధానం అని పేరు.

మొత్తం లెక్క తీస్తే అసలు రహస్యం బయటపడుతుంది. పరిశోధన, అభివృద్ధి మీద భారతదేశం చేస్తున్న వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. చైనా రెండున్నర శాతం దాటింది. అమెరికా దాదాపు మూడున్నర శాతం. దక్షిణ కొరియా ఐదు శాతం దరిదాపుల్లో ఉంది. 2023లో చట్టం చేసి నెలకొల్పిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేళ్లలో 50 వేల కోట్ల రూపాయలు అన్నారు. అందులో సుమారు 36 వేల కోట్లు పరిశ్రమలు, దాతలు వంటి ప్రభుత్వేతర వనరుల నుంచి వస్తాయని చెప్పారు. 2025 జూలైలో ఆమోదించిన లక్ష కోట్ల నిధి ప్రధానంగా ప్రైవేటు రంగానికి దీర్ఘకాలిక చౌక రుణాల కోసం. ప్రకటనల్లో లక్ష కోట్లు, విద్యార్థి చేతికి ఆరు నెలల ఆలస్యంతో 37 వేలు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధాని జై అనుసంధాన్ అని నినదించారు. అదే సభలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులని సెలవిచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదువుతున్న తెలివైన విద్యార్థి ఆ వార్త చదివి ఏ నిర్ణయానికి వచ్చి ఉంటాడో ఊహించడానికి పెద్ద మేధస్సు అక్కరలేదు.

అయితే ప్రభుత్వాన్ని నిందించి విదేశీ దారిని కీర్తించి ఊరుకుంటే వాదం సగంలో ఆగిపోయినట్టే. ఆ దారిలో ఎవరు వెళ్లగలుగుతున్నారు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. డిగ్రీ నుంచి నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి మార్కులు చాలవు. పరిశోధన అనుభవం కావాలి. తమ ప్రయోగశాలలో ఆ విద్యార్థి చేసిన పనిని చూసి రాసిన మూడు సిఫార్సు లేఖలు కావాలి. తాను ఏ ప్రశ్న మీద, ఎందుకు పనిచేయదలచాడో విడమరచి చెప్పే ఉద్దేశపత్రం కావాలి. బెంగళూరు ఐఐఎస్సీలోనో తిరుపతి ఐసర్‌లోనో చదివే విద్యార్థికి ఇవి చదువులో భాగంగానే సమకూరుతాయి. అక్కడి ఆచార్యులు రాసిన లేఖలను అవతలి విశ్వవిద్యాలయం గుర్తుపడుతుంది. పార్వతీపురంలోనో ఆసిఫాబాదులోనో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చదివే అమ్మాయికి ప్రయోగశాల అంటే రికార్డు పుస్తకం నింపే గది. సిఫార్సు లేఖ అంటే నడవడిక ధ్రువపత్రం. పైగా ఆమెది మూడేళ్ల డిగ్రీ అయితే చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు దానిని తమ నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా అంగీకరించవు. పొరుగున బంగ్లాదేశ్‌లో నాలుగేళ్ల ఆనర్స్ ఏనాడో స్థిరపడింది. ఢాకా విద్యార్థికి లేని ఈ చిక్కు భారతదేశపు బీఎస్సీ విద్యార్థికి ఉంది.

ఇక ఖర్చు. పీహెచ్‌డీకి ఫీజు లేదన్నది నిజమే గాని దరఖాస్తుకు ఫీజు ఉంది. ఒక్కో విశ్వవిద్యాలయానికి వంద డాలర్లకు అటూ ఇటూ. ఎనిమిదింటికి పెడితే అరవై డెబ్బై వేల రూపాయలు. జీఆర్ఈ అడిగే చోట దానికి ఇరవై రెండు వేలకు పైన, ఇంగ్లిషు పరీక్షకు మరికొంత. సీటు వచ్చాక వీసా రుసుము 185 డాలర్లు, సెవిస్ రుసుము 350 డాలర్లు, ఆపైన విమానం టికెట్టు, తొలి భృతి చేతికి వచ్చేదాకా తిండి, అద్దె. కూలి చేసుకునే ఇంట్లో ఇది ఏడాది సంపాదన. అప్పు ఇచ్చే బ్యాంకు ఎమ్మెస్‌కు ఇస్తుంది గాని వచ్చే అవకాశం ఎంతో తెలియని దరఖాస్తులకు ఇవ్వదు. రుసుము మాఫీ చేసే విశ్వవిద్యాలయాలు ఉన్నాయని, అడిగితే ఇస్తాయని, చాలా విభాగాలు జీఆర్ఈ అడగడం మానేశాయని చెప్పే మనిషి ఆ ఊళ్లో ఉండడు. అమీర్‌పేట కన్సల్టెన్సీకి పీహెచ్‌డీ విద్యార్థితో పనిలేదు. కమీషన్ వచ్చేది ఫీజు కట్టే ఎమ్మెస్ విద్యార్థి మీద. అప్పుచేసి చదివే దారికి వీధికొక బోర్డు ఉంది. భృతి తీసుకుని చదివే దారికి దారిచూపే మనిషి లేడు. ఫలితంగా ఇంట్లో ముందుతరం ఇంగ్లిషు చదువు, ఊరికి దూరపు చుట్టరికం, మంచి సంస్థలో సీటు ఉన్నవారే ఈ గేటు దాటుతున్నారు. కులం, వర్గం ఇక్కడ చేసిన వడపోతనే అమెరికా ప్రవేశ సంఘం ప్రతిభ అనుకుంటున్నది.

ఈ వడపోతను సరిచేయవలసిన ప్రభుత్వ పథకం ఒకటుంది. షెడ్యూల్డ్ కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు విదేశాల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చదవడానికి జాతీయ విదేశీ ఉపకారవేతనం. దేశం మొత్తానికి ఏడాదికి 125 మంది. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశంలో అట్టడుగు వర్గాలకు 125 సీట్లు. 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధులు ఆమోదం పొందలేదన్న కారణంతో తొలుత 40 మందికే మంజూరు పత్రాలు ఇచ్చారు. విశ్వవిద్యాలయాలు ప్రవేశం ఇచ్చాయి, విమానాల తేదీలు దగ్గరపడ్డాయి, ఢిల్లీలో ఫైలు కదలలేదు. బ్రిటిష్ పాలనలో పందొమ్మిదేళ్ల చంద్రశేఖర్‌కు అందిన ఆసరా స్వతంత్ర భారతంలో అంబేడ్కర్ వారసులకు బడ్జెట్ మిగిలితే అందుతుందట.

మేధోవలస వాదులు రెండు అభ్యంతరాలు చెబుతారు. ప్రజాధనంతో చదివినవారు ప్రజలకు రుణపడి ఉండాలన్నది మొదటిది. రుణం అన్న మాటను తప్పుబట్టనక్కరలేదు. కానీ రుణం తీర్చుకోవాలంటే తీర్చుకునే చోటు ఉండాలి. హరగోవింద్ ఖొరానా 1945లో భారత ప్రభుత్వ ఫెలోషిప్ మీదనే లివర్‌పూల్ వెళ్లాడు. డాక్టరేటుతో 1949లో తిరిగి వచ్చాడు. స్వతంత్ర భారతంలో అతనికి ఉద్యోగం దొరకలేదు. మళ్లీ వెళ్లాడు. 1968లో అమెరికా శాస్త్రవేత్తగా నోబెల్ అందుకున్నాడు. అబ్దుస్ సలాం కేంబ్రిడ్జి చదువు ముగించి 1951లో లాహోర్‌కు తిరిగి వచ్చాడు. అహ్మదీయులపై 1953లో చెలరేగిన అల్లర్ల తరువాత పాకిస్తాన్ విడిచాడు. వాళ్లు రుణం ఎగ్గొట్టలేదు. అప్పిచ్చిన ఇల్లే తలుపు వేసుకుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఖద్దరు కట్టినందుకు మద్రాసు వైద్య కళాశాలలో పూర్తిస్థాయి పట్టా పొందలేకపోయాడు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఆసరాతో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి కూలి పని చేస్తూ చదివాడు. 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందాడు. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ మందుల వెనుక ఉన్న ఆ కృషి తిరిగి తెలుగు పల్లెల ఆసుపత్రులకే చేరింది. విజ్ఞానం ఎక్కడ పుట్టినా మనిషికే చేరుతుంది. పాస్‌పోర్టును బట్టి దేశభక్తిని తూచేవారికి ఈ సంగతి ఎక్కదు.

ఇరవై ఒకటో ఏట ఆరేళ్ల నిర్ణయం తీసుకునే పరిణతి ఉండదన్నది రెండో అభ్యంతరం. దీనిలో కొంత నిజం ఉంది, దాచనక్కరలేదు. అక్కడి పరిశోధక విద్యార్థి వీసా, భృతి, పట్టా మూడూ చాలావరకు ఒకే పర్యవేక్షకుడి దయ మీద ఆధారపడతాయి. ఆ మనిషి మంచివాడు కాకపోతే ఐదేళ్లు నరకం. ఒంటరితనం, చలి, ఇంట్లో అనారోగ్యం వార్త విని కూడా రాలేని స్థితి ఉంటాయి. అసలు పరిశోధన తన పని కాదని రెండో ఏట తెలిసిరావచ్చు. అయితే దీనికి మందు ఎమ్మెస్సీ పేరిట మరో రెండేళ్లు పాఠాలు వల్లెవేయించడం కాదు. డిగ్రీ రెండో ఏటి నుంచే ప్రయోగశాలలో చేతులు పెట్టనిచ్చి, పరిశోధనలో ఉండే నిరాశను ముందుగానే రుచి చూపించడం. ఆ పని చేసిన సంస్థల విద్యార్థులు వెళ్లినా తెలిసి వెళుతున్నారు, ఉన్నా తెలిసి ఉంటున్నారు. వేసవి రెండు నెలలు జిల్లా కళాశాలల పిల్లలను జాతీయ ప్రయోగశాలలకు పంపడానికి అయ్యే ఖర్చు ఒక బహిరంగ సభ జనసమీకరణ ఖర్చు కంటే ఎక్కువ కాదు.

ఇంతలో ఆ అమెరికా దారే ఇరుకైపోతున్నది. 2025లో ట్రంప్ ప్రభుత్వం పరిశోధన నిధులకు కోతలు పెట్టడంతో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. మసాచుసెట్స్‌లోని ఒక వైద్య విశ్వవిద్యాలయం ఇచ్చిన ప్రవేశాలనే వెనక్కు తీసుకుంది. మే నెలాఖరున కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలను నిలిపివేసి, కొన్ని వారాల తరువాత సామాజిక మాధ్యమ ఖాతాల తనిఖీతో పునరుద్ధరించారు. చదువు పూర్తయ్యేదాకా ఉండనిచ్చే పద్ధతి స్థానంలో నాలుగేళ్ల గరిష్ఠ పరిమితి విధించే ప్రతిపాదనను ఆగస్టులో ముందుకు తెచ్చారు. ఆరేళ్ల పీహెచ్‌డీకి నాలుగేళ్ల వీసా. సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. సైన్సును అనుమానించే పాలకులు ఢిల్లీ సొత్తు మాత్రమే కాదని తేలిపోయింది. వేలాది యువ శాస్త్రవేత్తలు దిక్కుతోచక చూస్తున్న ఈ సమయంలో ఒక తెలివైన ప్రభుత్వం ఏం చేసి ఉండేది? భృతులు పెంచి, ఖాళీలు నింపి, రండి అని పిలిచి ఉండేది. ఇక్కడ జరిగింది విదేశీ మోజు తగ్గుతుందన్న సంబరం. తలుపు మూసిన పొరుగువాణ్ని చూసి సంతోషించడం తన ఇంట్లో దీపం వెలిగించుకోవడం కాదు.

ఈ విషయంలో చైనా అనుభవం పరిశీలించదగినది. సాంస్కృతిక విప్లవంతో విశ్వవిద్యాలయాలు కూలిన దేశం 1978లో విద్యార్థులను పెద్దయెత్తున విదేశాలకు పంపాలని నిర్ణయించింది. అప్పుడు అక్కడి విద్యార్థులకు జీఆర్ఈ రాసే వీలు లేదు, దరఖాస్తు రుసుముకు డాలర్లు లేవు. నోబెల్ గ్రహీత టీ. డీ. లీ చొరవతో 1979లో ఒక ఉమ్మడి పరీక్ష మొదలైంది. అమెరికా ఆచార్యులు ప్రశ్నలు తయారుచేశారు, ఇంటర్వ్యూలు చేశారు, రుసుము లేకుండా విశ్వవిద్యాలయాలు దరఖాస్తులు స్వీకరించాయి. పదేళ్లలో 915 మంది భౌతికశాస్త్ర విద్యార్థులు ఆ దారిలో అమెరికా పీహెచ్‌డీలకు వెళ్లారు. జీవశాస్త్రంలో రే వూ నడిపిన ఇలాంటి పరీక్ష మరో నాలుగు వందల మందికి పైగా పంపింది. వారిలో చాలామంది ఆనాడు తిరిగి రాలేదు. తియానన్మెన్ రక్తపాతం జరిపిన ప్రభుత్వం దగ్గరికి ఎందుకు వస్తారు? అక్కడి నిర్బంధం ఎవరికీ ఆదర్శం కాదు. కానీ పంపినందుకు బీజింగ్ విచారించలేదు. 2000 నాటికి ఉత్పత్తిలో ఒక శాతం కూడా లేని పరిశోధన వ్యయాన్ని రెండున్నర శాతం దాటించి, తిరిగి వచ్చేవారికి ప్రయోగశాలలు కట్టి చూపింది. వెళ్లే దారి, వచ్చే దారి రెండూ ప్రభుత్వం పరిచినవే. భారతదేశంలో వెళ్లే దారి తల్లిదండ్రులు పరుస్తున్నారు, వచ్చే దారి ఇంకా ఎవరూ పరచలేదు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ఫెలోషిప్ ప్రతి నెలా జీతంలాగా తేదీకి పడాలి, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి. ప్రధాని పేరు పెట్టిన ఫెలోషిప్‌కూ మామూలు ఫెలోషిప్‌కూ మధ్య ఉన్న అగాధం పూడాలి. నాలుగో ఏటి ఆనర్స్‌కు అధ్యాపకులను, పరికరాలను ఇచ్చాకనే అది పరిశోధన డిగ్రీ అని చెప్పుకోవాలి. మూసివేసిన ప్రతిభా పథకాలను తెరిచి వాటిని జిల్లా కళాశాలల గడప దాకా తీసుకెళ్లాలి. విదేశీ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టే పేద విద్యార్థి పరీక్ష, దరఖాస్తు, వీసా ఖర్చులు భరించే ప్రజానిధి ఉండాలి. రెండు తెలుగు ప్రభుత్వాలు ఏటా పెట్టుబడిదారుల సదస్సులకు పెట్టే ఖర్చులో చిన్న పాలు దానికి చాలు. జాతీయ విదేశీ ఉపకారవేతనం 125 దగ్గర ఆగకూడదు, ఎంపికైన వారికి నిధి లేదని చెప్పే అధికారం ఏ మంత్రిత్వ శాఖకూ ఉండకూడదు. అన్నిటికంటే ముందు విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు నింపాలి. తిరిగి వచ్చేవారు కూర్చోవడానికి కుర్చీ కావాలి గదా.

ఇవేవీ చేయకుండా యువతను దేశం విడిచిపోవద్దని కోరే హక్కు ఎవరికీ లేదు. ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి డిసెంబరులో పెట్టే దరఖాస్తు దేశం మీద తిరస్కారం కాదు. తనను శాస్త్రవేత్తగా గుర్తించి, పని అప్పగించి, దానికి జీతమిచ్చే సంస్థ ఏదైనా ఉందా అని లోకాన్ని అడిగే ఉత్తరం. ఆ ఉత్తరానికి ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి, అమరావతి నుంచి జవాబు వెళ్లడం లేదు. జవాబు రాసిన వారి దగ్గరికి విద్యార్థి వెళ్లాడు. ఇందులో విచారణ జరగవలసింది ఉత్తరం రాసినవాడి మీద కాదు.